శనివారాన్ని దాటేసినవాణ్ణి

పెద్ద శుక్రవారం సిలువ ఆరాధన ముగిసి జనం మాటా పలుకూ లేకుండా ఇళ్ళకు పోతూ ఉంటే, నా పని అప్పుడు మొదలయ్యేది. కోయంబత్తూరులో మా చర్చి విచారణ పండగ కమిటీలో చాలా ఏళ్ళు ఉన్నాను. గుడి చుట్టూ సీరియల్ బల్బులు, జనరేటర్, పాస్కా (ఈస్టరు) జాగరణకు కొవ్వొత్తులు, మైనం కారి చేతులు కాలకుండా కాగితపు గిన్నెలు, బెంచీలు చాలకపోతే అద్దె కుర్చీలు, పూమార్కెట్టు నుంచి బంతిపూల మూటలు, అర్ధరాత్రి పూజ అయ్యాక అందరికీ టీ, బన్ను. ఇవన్నీ శనివారం ఒక్క పగటిలో తెమలాలి. అందుకని శనివారమంటే నాకు గడువు, అంతే. ఆ రోజుకు దానిదంటూ ఒక బతుకు ఉందని నాకు తోచలేదు.

గురువారం రాత్రి పూజ అయ్యాక బలిపీఠం మీది వస్త్రాలు తీసేస్తారు. సత్ప్రసాదం ఉంచే దివ్యమందసం తలుపు తెరిచి వదిలేస్తారు, లోపల ఏమీ ఉండదు. గంటలు మోగవు, వాటి బదులు చెక్క పలకలు కొడతారు. శుక్రవారం పూజ లేదు, శనివారం రాత్రి దాకా పూజ లేదు. ఏడాది పొడవునా ఇలాంటి రోజు ఇంకోటి లేదు. నేను ఆ ఖాళీ బలిపీఠాన్ని చూసి ఏమనుకునేవాణ్ణంటే, నిచ్చెన వేసుకోవడానికి అడ్డం లేదు, బాగుంది అనుకునేవాణ్ణి. సిగ్గుపడుతూనే రాస్తున్నాను. మెట్ల మీద నిచ్చెన ఆనించి, పైకెక్కి, రేపటి పూలదండలకు మేకులు కొట్టేవాణ్ణి. కింద ఎవరో ఒక ముసలామె మోకాళ్ళ మీద ఉండేది. సుత్తి చప్పుడుకు ఆమె తల ఎత్తి చూసేది. పక్కకు జరగమని సైగ చేసేవాణ్ణి.

సువార్తల్లో ఆ శనివారం గురించి ఉన్నది చాలా తక్కువ. లూకా ఒక్క ముక్కతో సరిపెడతాడు: గలిలయ నుంచి వెంట వచ్చిన స్త్రీలు యేసు సమాధిని చూసుకుని, ఇంటికి పోయి సుగంధ ద్రవ్యాలు సిద్ధం చేసుకుని, ఆజ్ఞ ప్రకారం విశ్రాంతి దినాన ఊరికే ఉండిపోయారు. మత్తయి ఇంకో సంగతి చెబుతాడు. ఆ రోజు ప్రధానయాజకులు, పరిసయ్యులు పిలాతు దగ్గరికి పోయి, ఈ మనిషి బతికి ఉండగా మూడు రోజుల తర్వాత లేస్తానన్నాడు, సమాధికి కాపలా పెట్టించండి అని అడుగుతారు. రాతికి ముద్ర వేసి కావలివాళ్ళను పెడతారు.

ఎన్నిసార్లు విన్నానో ఈ రెండు భాగాలు. ఒక్కసారి కూడా పక్కపక్కన పెట్టి చూడలేదు. ఆయన లేస్తానన్న మాట ఆ శనివారం గుర్తుపెట్టుకున్నది శత్రువులు. శిష్యులకు అది గుర్తే లేదు. ఆ స్త్రీలు దంచి కలిపి పెట్టుకున్న ద్రవ్యాలు లేచివచ్చేవాడి కోసం చేసినవి కావు, శవానికి పూయడానికి చేసినవి. వాళ్ళకు ఆదివారం అనేది లేదు. ఆయన చచ్చిపోయాడు, వాళ్ళు ఆయన్ని వదిలిపెట్టలేదు. వాళ్ళ దగ్గర ఉన్నది అంతే. మనం మాత్రం కథ చివర తెలిసినవాళ్ళం కాబట్టి, వాళ్ళ శనివారంలోకి మన ఆదివారాన్ని ముందే తీసుకుపోయి పెట్టేస్తాం. నేను అలా పెట్టేసినవాళ్ళలో ముందు వరసవాణ్ణి. పుస్తకంలో పెట్టి ఊరుకున్నా బాగుండేది. కన్నీళ్ళతో ఉన్న మనిషి ముందు పెట్టాను.

మా అక్కను మధురైలో ఇచ్చాం. బావ దర్జీ. వైగై అవతలి ఒడ్డున ఒక ఇరుకు వీధిలో, ముందుగదిలోనే మిషను వేసుకుని కుట్టేవాడు. ఆ వీధిలో సగం తెలుగు మాట్లాడే ఇళ్ళే. విజయనగరం సేనల వెంట కొందరు, ఆ తర్వాత నాయకరాజుల కొలువు వెంట ఇంకొందరు వచ్చి దిగినవాళ్ళ సంతతి. రాజ్యం 1736లో పోయింది, ఇంటి మాట పోలేదు. నాయుళ్ళ ఇళ్ళు, చెప్పులు కుట్టేవాళ్ళ ఇళ్ళు, మునిసిపాలిటీ పనివాళ్ళ ఇళ్ళు, ఎవరి దేవుడు వాళ్ళకు. గుడ్డలు మాత్రం బావ దగ్గర. మా వాళ్ళకు పాస్కా పండగ, మిగతావాళ్ళకు చిత్తిరై తిరునాళ్ళు, రెండూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి గనుక ఆ నెలంతా మిషను ఆగేది కాదు.

ఒక ఏడు పవిత్ర గురువారం, పాదాలు కడిగే పూజ నుంచి ఇంటికి వచ్చి, అన్నం తినకుండానే బావ గుండె పట్టుకుని కూలిపోయాడు. ఆసుపత్రికి తీసుకుపోయే దారిలోనే ప్రాణం పోయింది. ఫోను వచ్చింది, నేను రాత్రికి రాత్రి బస్సెక్కాను. శుక్రవారం పొద్దున్నే మట్టి ఇచ్చాం. ఆ మూడు రోజుల్లో చనిపోయినవాళ్ళకు అంత్యక్రియల పూజ ఉండదు, ప్రార్థనలు మాత్రమే. అక్కకు అదొక కొరత, ఆయనకు పూజ కూడా దక్కలేదే అని. నేను అప్పుడే మొదలుపెట్టాను. ప్రభువు చనిపోయిన రోజే మట్టిలోకి పోయినాడు, ఇంతకన్నా భాగ్యం ఏముందక్కా అన్నాను. వచ్చినవాళ్ళందరితోనూ అదే మాట. నా మాట నాకే చాలా బాగుందనిపించింది.

శుక్రవారం మధ్యాహ్నం ఇంకో పని చేశాను. పరామర్శకు వచ్చేవాళ్ళకు కూర్చునే చోటు లేదని మిషను ఎత్తించి పెరట్లోకి పెట్టించాను. గోడకున్న అల్మారాలో పండగకు ఇవ్వాల్సిన గుడ్డలు ఉన్నాయి. కొన్ని కుట్టినవి, కొన్ని కత్తిరించి పెట్టినవి, కొన్ని సగంలో ఉన్నవి. ఒక్కోదానికి కొలత చీటీ గుండుసూదితో గుచ్చి ఉంది, బావ చేతిరాత. ఆ చీటీలు చూసుకుంటూ, పిల్లల్ని పంపి, ఎవరి గుడ్డలు వాళ్ళకు తిప్పి పంపేశాను. బయానా డబ్బులు నా జేబులోంచి ఇచ్చాను. అక్క నెత్తిన బరువు దించానని నా నమ్మకం. అక్కను అడగలేదు. ఆమె లోపలి గదిలో ఆడవాళ్ళ మధ్య ఉంది, ఎందుకు అడగాలి అనుకున్నాను.

శనివారం పొద్దున వచ్చినవాళ్ళు పోయారు. పండగ పనులు ఎవరికి వాళ్ళకున్నాయి. అక్క ముందుగదిలోకి వచ్చి అల్మారా తెరిచి చూసింది. ఖాళీగా ఉంది. కాసేపు అట్లానే నిలబడి, మిషను ఉన్న చోట, సిమెంటు నేల మీద దాని కాళ్ళ గుర్తులు ఉన్న చోట, కూర్చుంది. ఏడుపు మొదలయింది. నేను పక్కన కూర్చుని ఉపదేశం అందుకున్నాను.

“ఏడవొద్దక్కా. ఇంక ఒక్క రాత్రి. రేపు పాస్కా. ఆయన లేచినాడు గదా, బావ కూడా లేస్తాడు. మనమే ఇట్లా ఏడిస్తే చూసేవాళ్ళు మన విశ్వాసం గురించి ఏమనుకుంటారు? లే, స్నానం చెయ్, రాత్రి జాగరణకు పోదాం.”

అక్క కొంగుతో మొహం తుడుచుకుని నా వైపు చూసింది. కోపం లేదు. “నీకు వచ్చినంత సీక్రంగా నాకు ఆదివారం రాదురా. నువ్వు కొంచెం సేపు ఊరికే కూర్చో” అంది.

నేను కూర్చోలేదు. ఆమె విశ్వాసం తడబడుతోందనుకున్నాను. లేచి వీధిలోకి పోయి, కోయంబత్తూరుకు ఫోను చేసి బల్బుల సంగతి కనుక్కున్నాను.

మధ్యాహ్నం ఎదురింటి నాయుళ్ళ పెద్దావిడ వచ్చింది. పెరుమాళ్ళ భక్తురాలు, శనివారం కాబట్టి నుదుట నామం ఉంది. చంకలో ఒక గుడ్డ మూట. మనవరాలికి చిత్తిరై తిరునాళ్ళకని ఇచ్చిన పావడా చొక్కా, నేను నిన్న తిప్పి పంపినదే. అక్క ముందు పెట్టి, “అమ్మణ్ణీ, మీ తమ్ముడు తెలియక పంపించేసినాడు. దీనికి గుండీలు కుట్టలేదు, అంచు మడవలేదు. వేరే దర్జీకి ఇవ్వను. నీకు ఎప్పుడు చేతనైతే అప్పుడు ఇవ్వు” అంది. అంతే. ఓదార్పు మాట ఒక్కటీ లేదు. కాసేపు పక్కన కూర్చుంది, లేచి పోయింది.

అక్క మూట విప్పింది. చిలకపచ్చ పావడా, లక్క రంగు అంచు. పావడా కింది మడతకు బావ గీసిన సుద్ద గీత అలాగే ఉంది, ఒక చోట కొంచెం వంకర. అక్క దారం నోట్లో తడిపి సూదిలోకి ఎక్కించి, ఆ గీత వెంటే మడత పెట్టి చేతికుట్టు వేయడం మొదలుపెట్టింది. వంకర ఉన్న చోట సరిచేయలేదు. కుట్టు కూడా ఆ వంకరే పోయింది. మధ్యమధ్య ఆగి ఏడ్చేది, మళ్ళీ కుట్టేది. సుద్ద చెరగకుండా బొటనవేలు దూరంగా పెట్టి పట్టుకుంది. పొద్దుగూకే వేళకు గుండీల దాకా వచ్చింది. నేను రెండు మూడు సార్లు గుమ్మంలోకి వచ్చి చూసి, ఇంకా లేవలేదేమా అని విసుక్కుని పోయాను. చివరికి జాగరణకు ఒక్కణ్ణే పోయాను. అక్కడ గ్లోరియా పాడి గంటలన్నీ ఒక్కసారి మోగినప్పుడు, మా అక్క ఇది పోగొట్టుకుంది పాపం అనుకున్నాను.

ఎవరు ఏం పోగొట్టుకున్నారో తెలియడానికి నాకు ఇంకా కొన్నేళ్ళు పట్టింది. అది కూడా ఒక పిల్లవాడి నోట.

ఆదివారాలు పిల్లలకు సత్యోపదేశం చెబుతాను. బైబిలుతో పాటు మన ప్రాంతపు క్రైస్తవ చరిత్ర కూడా చెప్పడం నాకు ఇష్టం. 1606లో ఇటలీ నుంచి వచ్చి మధురై చేరిన రాబర్ట్ డి నోబిలి, కాషాయం కట్టి, మాంసం మాని, తమిళం, సంస్కృతం, తెలుగు నేర్చుకోవడం. ఆయనకు సంస్కృతం చెప్పిన శివధర్ముడు తెలుగు బ్రాహ్మణుడు కావడం. తోటి జెస్విట్లే ఆయన మీద ఫిర్యాదు చేస్తే ఏళ్ళ తరబడి విచారణ నడిచి, చివరికి 1623లో రోము నుంచి అనుమతి రావడం. మైలాపూరులో చూపు పోయిన ముసలితనంలో 1656లో ఆయన కన్నుమూయడం. 1693లో ఓరియూరులో ఇంకో జెస్విట్ గురువు జాన్ డి బ్రిట్టో తల నరకడం. ఈ కథలు చెబుతుంటే పిల్లలు కదలరు. ఆ తర్వాత నేను ఇలా చెప్పేవాణ్ణి: 1773లో పోపు పద్నాలుగో క్లెమెంటు జెస్విట్ సభను రద్దు చేశాడు, 1838లో ఫ్రాన్సు నుంచి జెస్విట్లు మళ్ళీ మధురై వచ్చారు, ఇప్పుడున్న కాలేజీలు, బడులు, గుళ్ళు చాలా వరకు ఆ తర్వాత కట్టినవే.

ఒక పిల్లవాడు చెయ్యెత్తి, “మధ్యలో ఏం చేశారు సార్?” అన్నాడు.

“ఎవరు?”

“ఆ ఊళ్ళవాళ్ళు. స్వామివార్లు లేరు కదా. 65 ఏళ్ళు ఏం చేశారు?”

నా దగ్గర జవాబు లేదు. నేను ఏళ్ళ తరబడి ఈ పాఠం చెప్పాను, ఎప్పుడూ ఆ 65 ఏళ్ళను రెండు తేదీల మధ్య కామాతో దాటించేశాను. గురువులు పోయారు, గురువులు వచ్చారు. మధ్యలో ఉన్నవాళ్ళు నాకు చరిత్రలో లేరు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. మా అక్క నేల మీద కూర్చున్న చోటు కళ్ళ ముందుకు వచ్చింది. నేను రెండు చోట్లా చేసింది ఒకటే పని అని అప్పుడు తెలిసింది.

ఆ మధ్యకాలం గురించి దొరికినంత చదివాను. కథ నిజానికి 1773 కన్నా ముందే మొదలయింది. జెస్విట్ల మధురై మిషనరీ పని పోర్చుగల్ రాజు పోషణ కింద నడిచేది. 1759లో పోర్చుగల్ తన రాజ్యమంతటా జెస్విట్లను వెళ్ళగొట్టింది. అప్పటినుంచి కొత్తవాళ్ళు రావడం ఆగిపోయింది. పల్లెల్లో ఉన్న ముసలి గురువులు అక్కడే ఒక్కొక్కరే కన్నుమూశారు. పాండిచ్చేరి నుంచి, గోవా నుంచి కొందరు గురువులు వచ్చి చూసేవారు గానీ అంత దేశానికి వాళ్ళు ఏ మూలకు సరిపోతారు? పైగా అది హైదర్ దండయాత్రలు, కుంపిణీ యుద్ధాలు, పాలెగాళ్ళ తిరుగుబాట్లు నడిచిన కాలం. తెలుగు మూలాలున్న వీరపాండ్య కట్టబొమ్మను కయత్తారులో ఉరితీసిన 1799 కూడా ఆ లోపలే వస్తుంది. పల్లెలు కాలాయి, జనం ఊళ్ళు వదిలి పోయారు.

ఆ జనాన్ని నిలబెట్టినవాళ్ళు ఉపదేశులు. అభిషేకం లేని మామూలు మనుషులు. పంటపొలం చూసుకుంటూ, మగ్గం నేస్తూ, సాయంత్రం పదిమందిని పోగేసి జపాలు చెప్పించేవాళ్ళు. చావుబతుకుల్లో ఉన్న పసిబిడ్డ తల మీద నీళ్ళు పోసి బాప్తిస్మం ఇచ్చేవాళ్ళు. పూజ చేయడానికి వాళ్ళకు అధికారం లేదు, సత్ప్రసాదం లేదు, పాపసంకీర్తనం వినలేరు. ఉన్నది జపమాల, నోటికి వచ్చిన ప్రార్థనలు, మట్టి ఇచ్చేటప్పుడు చదివే నాలుగు మాటలు. 1773లో యువకుడిగా ఉన్న ఒక ఉపదేశి 1838 చూసి ఉండడు. అతని కొడుకు చూసి ఉండకపోవచ్చు. అవతల ఏ ఓడ వస్తుందో, ఎప్పుడు వస్తుందో, అసలు వస్తుందో రాదో వాళ్ళకు తెలియదు. తెలియకుండానే పిల్లలకు సిలువ గుర్తు వేసుకోవడం నేర్పారు. 1838లో వచ్చిన ఫ్రెంచి గురువులకు విశ్వాసులు దొరికారంటే ఈ తెలియనితనంలో బతికినవాళ్ళ వల్ల. నేను పిల్లలకు ఓరియూరు కత్తి గురించి చెప్పాను, వీళ్ళ గురించి ఒక్క మాట చెప్పలేదు. బలిదానం ఒక రోజులో అయిపోతుంది, చెప్పడానికి వీలుగా ఉంటుంది. ఏమీ జరగని 65 ఏళ్ళను చెప్పడం చేతకాదు.

శనివారాన్ని దాటేసింది నేను ఒక్కణ్ణే అనుకోవడానికి లేదు. మా అవ్వ చెప్పేది, ఆమె చిన్నతనంలో శనివారం పొద్దున్నే గంటలు మోగేవని, మధ్యాహ్నానికి ఉపవాసం అయిపోయేదని. ముసలితనపు మతిమరుపు అనుకునేవాణ్ణి. ఆమె చెప్పింది నిజం. రాత్రి చేయాల్సిన పాస్కా జాగరణ కొన్ని వందల ఏళ్ళ పాటు శనివారం పొద్దుటి పూటకు జరిగిపోయి ఉండేది. చీకటిలో వెలిగించాల్సిన కొత్త నిప్పును పట్టపగలు వెలిగించేవారు. పోపు పన్నెండో పయస్ 1951లో ప్రయోగంగా జాగరణను మళ్ళీ రాత్రికి మార్చాడు. 1955లో ఆజ్ఞ ఇచ్చాడు, 1956 పవిత్రవారం నుంచి లోకమంతటా అమలైంది. అలా శనివారానికి తన పగలు తిరిగి దక్కింది. ఖాళీగా ఉండడం తిరుసభకు కూడా అంత కష్టమైందన్నమాట. మనం ఎవరం ఆ పగటిని మళ్ళీ నిచ్చెనలతో నింపడానికి?

ఆ రోజు నియమాల్లో ఇంకోటి ఉంది. అది తెలిసినప్పటి నుంచి మనసులో నుంచి పోవడం లేదు. పవిత్ర శనివారం సత్ప్రసాదం ఎవరికీ ఇవ్వరు, మరణశయ్య మీద ఉన్నవాళ్ళకు తప్ప. మిగతావాళ్ళందరూ రాత్రి దాకా సత్ప్రసాదం లేకుండా ఉంటారు. ఆ పగలంతా క్రీస్తు శరీరం పోయేది చనిపోబోతున్నవాళ్ళ ఇళ్ళకే. అపొస్తలుల విశ్వాస ప్రమాణంలో మనం చెప్పే మాట, ఆయన మృతుల లోకానికి దిగాడన్న మాట, నేను నోటితో వల్లించి దాటిపోయేవాణ్ణి. ఈ నియమం తెలిశాక అది నాకు ఒక దారిగా కనబడింది. ఆ రోజు ఆయన మన వైపు రాడు. చచ్చినవాళ్ళ వైపు పోతాడు.

ఇస్తాంబుల్‌లో ఖోరా అనే, ఒకప్పుడు గుడిగా ఉన్న పాత కట్టడం ఉంది. అక్కడ గోడ మీద 14వ శతాబ్దంలో వేసిన చిత్రం ఫొటో ఒకటి సంపాదించి చాలాసేపు చూశాను. తెల్లని బట్టల్లో క్రీస్తు, ఒక చేత్తో ఆదామును, ఇంకో చేత్తో హవ్వను సమాధుల్లోంచి పైకి లాగుతున్నాడు. కాళ్ళ కింద విరిగిన తలుపులు, చెల్లాచెదరైన తాళాలు, గొళ్ళాలు. ఆయన వాళ్ళ అరచేతులు పట్టుకోలేదు, మణికట్లు పట్టుకున్నాడు. చెయ్యి పట్టుకుంటే పట్టు ఇద్దరిదీ. మణికట్టు పట్టుకుంటే పట్టు ఒకరిదే. చచ్చినవాడి చేతిలో బలం ఉండదని ఆ చిత్రకారుడికి తెలుసు. తిరిగి పట్టుకొమ్మని, విశ్వాసం చూపించమని, ఏడుపు మానమని అడగడం లేదు.

స్విట్జర్లాండ్ వేదాంతి హన్స్ ఉర్స్ ఫాన్ బల్తాజర్ ఇంకో రకంగా చెప్పాడు. ఆయన దృష్టిలో శనివారం క్రీస్తు విజయయాత్ర చేయడం లేదు. మృతుల్లో మృతుడిగా, ఏ పనీ చేయలేని వాడిగా పడి ఉన్నాడు. అంత లోతున ఆయన ఉన్నాడు కాబట్టి, దేవుడు లేడనిపించే చోట పడిపోయినవాళ్ళకు కూడా ఆయన పక్కనే ఉంటాడు. ఈ వాదాన్ని ఒప్పుకోనివాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళ కారణాలు వాళ్ళకు ఉన్నాయి. పండితుల తగవు తీర్చేటంతటి వాణ్ణి కాను. నా మనసు పగలంతా బల్తాజర్ చెప్పిన దానితో ఉంటుంది, చీకటి పడ్డాక ఖోరా గోడ వైపు పోతుంది. మా అక్క సుద్ద గీత వెంట కుడుతున్న ఆ మధ్యాహ్నం, తాళాలు విరిగే చప్పుడు ఆ గదిలో వినబడే వేళ కాదు. పక్కన పడి ఉండేవాడు కావాలి. ఎదురింటి పెద్దావిడకు ఏ వేదాంతమూ చదవకుండానే అది తెలిసింది.

ఒక సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. నేను కనిపెట్టుకుని ఉండడం గురించి ఇంత రాస్తున్నానని, ఓర్చుకోండి, ఆదివారం వస్తుంది అని ఇతరులకు చెప్పే హక్కు మనకు ఉందని ఎవరూ అనుకోకూడదు. నేను ఆ తప్పూ చేశాను. కోయంబత్తూరులో, మధురైలో వీధులు ఊడ్చి, కాలువలు ఎత్తే పనివాళ్ళలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడే అరుంధతీయులు. వాళ్ళలో క్రైస్తవులూ ఉన్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి షెడ్యూల్డ్ కులం హోదా లేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు, క్రైస్తవులకు తెరవలేదు. మా విచారణలో అలాంటి ఇంటి కుర్రాడు ఒకడు కాలేజీ సీటు దొరక్క వచ్చి కూర్చుంటే, దేవుడి సమయం కోసం కనిపెట్టుకో నాయనా అని చెప్పి పంపాను. వాడి వెంట ఏ ఆఫీసుకూ పోలేదు, ఒక అర్జీ రాసి ఇవ్వలేదు. సుగంధ ద్రవ్యాలు దంచుకున్న స్త్రీలు ఎవరికీ ఓర్పు గురించి చెప్పలేదు. సమాధికి ముద్ర వేసినవాళ్ళకు, జనం ఓర్చుకుని ఇళ్ళలో కూర్చోవడమే కావాలి. వాడికి ఆ మాట చెప్పినప్పుడు నేను కావలివాళ్ళ పక్కన ఉన్నాను.

అక్కకు ఈ సంగతులన్నీ ఫోనులో చెప్పడం నావల్ల కాలేదు. పోయిన ఏడు పవిత్రవారానికి మధురై పోయి చెప్పాను. మిషను మళ్ళీ ముందుగదిలోనే ఉంది, ఇప్పుడు అక్కే కుడుతుంది, జాకెట్లు, పిల్లల గౌన్లు. నేను చెబుతున్నంతసేపూ పెడలు ఆపకుండా విన్నది. చివర, “ఆ రోజు నువ్వు గుడ్డలు పంపించినందుకు నాకు కోపం లేదు. చీటీలు కూడా వాటితోనే పోయినాయి. ఆయన రాత నా దగ్గర ఒక్కటీ లేదు” అంది. ఆ మాట నాకు అప్పటిదాకా తట్టలేదు. ఇంటింటికీ పోయి అడిగాను. అంత కాలం కిందటి కొలత చీటీ ఎవరు దాచుకుంటారు? ఎదురింటి పెద్దావిడ ఇప్పుడు లేదు. ఒక్కటీ దొరకలేదు. వచ్చి అక్కకు చెప్పాను. సరేలే అని, కాజాలకు దారం అందించమంది. ఆ శనివారం పొద్దుగూకేదాకా గుండీలు అందించాను.

కమిటీలో ఇప్పుడు కుర్రవాళ్ళు ఉన్నారు. బల్బులూ పందిళ్ళూ బుధవారానికల్లా ముగించండి, శనివారం పగలు గుడిలో సుత్తి వినబడకూడదు అని అడిగాను. బుధవారం ఆఫీసులుంటాయి, కాలేజీలుంటాయి, ఎట్లా కుదురుతుంది అంకుల్ అన్నారు. వాళ్ళు చెప్పేదీ నిజమే. నిచ్చెన మాత్రం బలిపీఠం మెట్ల మీద వేయబోమని ఒప్పుకున్నారు, మిగతాది ఇంకా మాట్లాడుతున్నాం.

సత్యోపదేశం తరగతికి ఈ ఏడు నోబిలితో మొదలుపెట్టడం లేదు. 1773తో మొదలుపెడతాను. గురువు లేని ఊళ్ళో సాయంత్రం దీపం పెట్టి పదిమందిని పిలిచిన ఉపదేశి గురించి చెబుతాను. పసిబిడ్డకు అతను బాప్తిస్మం ఇచ్చిన తీరు, శవాన్ని మట్టిలో పెట్టి అతను చదివిన ప్రార్థన, వానలు రాని ఏడు, దండు వచ్చిన ఏడు ఊరు ఏమై ఉంటుందో పిల్లలనే ఆలోచించి చెప్పమంటాను. 1838 దాకా పోను. తర్వాత ఎవరు వచ్చారు సార్ అని వాళ్ళు అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. వచ్చే వారం చెబుతానంటాను.